గంట మోగేదాకా లేవకండి

మా ఆయనకి కొత్త సంగతి ఏది చెప్పినా పాలు పొంగేంత సేపే గుర్తుంటుంది. ఆ తర్వాత పలక మీద తడిగుడ్డ పెట్టి తుడిచేసినట్టు పోతుంది. మెదడుకి జ్వరం వచ్చి తగ్గింది. మనిషి బతికారు, నడుస్తారు, తింటారు, జోకులు వేస్తారు. మా పెళ్ళినాటి సంగతులు నాకంటే ఆయనకే బాగా గుర్తు. ఇవాళ పొద్దున ఏం తిన్నారో మాత్రం తెలియదు. "ఇంతేనమ్మా, ఇక ఇలాగే ఉంటారు" అని డాక్టరమ్మ చెప్పినప్పుడు ఆవిడ మీద ఒంటికాలిమీద లేచాను. ఆవిడ తప్పేం లేదు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, అంతే.

నేను రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ సెక్షన్లో పనిచేస్తాను. గుడ్డని పొరలు పొరలుగా బల్ల మీద పరిచి, పైన నమూనా గీసి, కరెంటు కత్తితో పొరలన్నీ ఒక్కసారే కోస్తాం. నా జీతం మీదే ఇల్లు నడుస్తోంది కాబట్టి పని మానడానికి లేదు. నేను వెళ్ళినంతసేపూ ఆయన్ని వదిన కనిపెట్టుకుని ఉండేది. వదిన అంటే ఆయన అక్క, ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఇప్పుడు ఆవిడ మోకాళ్ళు మొరాయించాయి.

"ఇంక మీ మెట్లు ఎక్కడం నావల్ల కాదమ్మా. మతి నిలవనివాళ్ళని ఉంచుకునే హోమ్ ఉంది కదా, అందులో ఒక మంచం ఖాళీ అయిందట. ఇలాంటివాళ్ళని బాగానే చూసుకుంటారు. ఈ నెలాఖరులోగా చేర్చకపోతే ఇంకెవరికైనా ఇచ్చేస్తారు" అంది.

"ఆయనేమన్నా పాత కుర్చీనా వదినా, అడ్డమొచ్చిందని బయట పెట్టడానికి?"

"వాడు నాకు తమ్ముడే తల్లీ. నా మీద అరిస్తే నా మోకాళ్ళు బాగవుతాయా? పగలంతా ఒంటరిగా ఉండగలడని చూపించు. అందాకా ఎలాగో వస్తాను. చూపించావా, మంచం వద్దని నేనే ఫోన్ చేస్తాను."

ఒక్క పగలు. అది ఒంటరిగా గడిపితే ఆయన ఇంట్లో ఉంటారు, గడపలేకపోతే ఉండరు. ఆ రోజు నుంచి నాకు వేరే ఆలోచన లేదు.

దారి చూపించింది ఆయనే. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ లోపలి సంగతులు పాఠం చెప్పేవారు. ప్రాసెసర్ గురించి చెప్పేటప్పుడు సుద్దముక్కతో బల్ల మీద టిక్కు టిక్కుమని కొట్టేవారట, పిల్లలు టిక్కు మేష్టారని పేరు పెట్టారు. జ్వరం అన్నీ ఊడ్చుకుపోయింది కానీ ఆ పాఠం జోలికి పోలేదు. ఒక సాయంత్రం ఏమీ తోచక, "ప్రాసెసర్‌కి ఏమీ గుర్తుండదనేవారు కదా, మరి అంతంత పనులెలా చేస్తుంది?" అని అడిగాను.

ఆయన మొహం వెలిగిపోయింది.

"అదేనోయ్ తమాషా! అందరూ అదేదో మహా తెలివైనదనుకుంటారు. ఒట్టి మొద్దు. ఒక చోటున్న అంకె తెచ్చుకోవడం, ఇంకోచోట పెట్టడం, రెండు అంకెలు కలపడం, తీసెయ్యడం, ఏది పెద్దదో చూడటం. దానికొచ్చిన పనులు దాదాపు ఇవే."

"మరి అన్నేసి లెక్కలు, బొమ్మలు, పాటలు?"

"అవన్నీ ఈ చిల్లర పనులే, కోట్లకొద్దీ, ఒకదాని వెనక ఒకటి. ఏం చెయ్యాలో దాని బుర్రలో ఉండదు. బయట మెమరీలో వరసగా రాసిపెట్టి ఉంటుంది, ఒక్కో ఆదేశానికి ఒక్కో నంబరు. ఒకటి తెచ్చుకుంటుంది, అదేమిటో పోల్చుకుంటుంది, చేస్తుంది. తర్వాతది తెచ్చుకో, పోల్చుకో, చెయ్యి. కరెంటు ఉన్నంతసేపూ ఇదే బతుకు."

"ఎక్కడిదాకా వచ్చిందో మర్చిపోదా?"

"మర్చిపోతుందనే ఒక గడి పెట్టారు. తర్వాత తెచ్చుకోవాల్సిన ఆదేశం నంబరు ఎప్పుడూ అందులో ఉంటుంది. చేతిలో ఉన్న అంకెలు పెట్టుకోవడానికి ఇంకాసిని గళ్ళుంటాయి, రిజిస్టర్లంటాం. టిక్కు అని గడియారం కొడితేనే అడుగు పడుతుంది, టిక్కు లేకపోతే ఎక్కడిదక్కడే. అంతేనోయ్. దానికి నిన్న లేదు, రేపు లేదు." పకపకా నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. తన సంగతే తను చెబుతున్నారని ఆయనకి తెలియదు. నాకు మాత్రం మునిగిపోతున్నవాడికి తాడు దొరికినట్టైంది.

మర్నాడే అట్టముక్కలు కోసుకొచ్చాను. మా ఫ్యాక్టరీలో అట్టలకి కరువు లేదు. ఒక్కో అట్ట మీద ఒక్కో పని రాసి, నంబరు వేసి, హాల్లో గోడకి వరసగా మేకులకి తగిలించాను. పళ్ళు తోముకోండి. చొక్కా మార్చుకోండి. డబ్బాలో ఉన్నది తినండి. తర్వాత ఏ అట్టో గుర్తు పెట్టడానికి బట్టలారేసుకునే క్లిప్పు. కాసేపు గుర్తుంచుకోవాల్సినవి రాసుకోవడానికి మెడలో చిన్న పలక. టిక్కు కొట్టడానికి వంటగదిలో వాడే చేతితో తిప్పే టైమరు, తిప్పి వదిలితే కాసేపటికి టంగుమని మోగుతుంది.

సాయంత్రాలు ఇద్దరం కూర్చుని దాన్ని దిద్దేవాళ్ళం. దిద్దేవాళ్ళం అనడం గొప్పకి. ఆయన గోడ చూసిన ప్రతిసారీ అది కొత్త గోడే.

"ఎవరోయ్ ఇది రాసింది?"

"మీ స్టూడెంటే."

"ఫెయిల్ చెయ్! పనయ్యాక క్లిప్పు జరపమన్నాడు. పని మధ్యలో మర్చిపోతే? అయిందో కాలేదో ఎలా తెలుస్తుంది? అట్ట చేతిలోకి తీసుకోగానే క్లిప్పు ముందుకి జరపాలి. చేతిలో ఉన్నది ఇప్పటి పని, క్లిప్పున్నది తర్వాతి పని."

దిద్దాను. ఇంకోరోజు దుప్పట్లు మడత పెట్టమని ఒక అట్ట, దులిపి పరవమని ఇంకోటి, మళ్ళీ మొదటి అట్టకి వెళ్ళమని మూడోది రాశాను, పొద్దుపోతుంది కదా అని. వదిన కూర్చుని చూస్తూనే ఉంది, ఆయన మధ్యాహ్నమంతా దుప్పట్లు మడత పెట్టారు, పరిచారు, మడత పెట్టారు. "బయటికి దారి లేని చక్రం రాశాడు వెధవ!" అని సాయంత్రం స్టూడెంటుని తిట్టారు. ఆ వెధవని నేనే కాబట్టి నోరు మూసుకుని, 'నాలుగూ మడత పెట్టడం అయిందా? అయితే తర్వాతి అట్టకి వెళ్ళండి' అని చేర్చాను. వీధి తలుపు గంట మోగితే ఏం చెయ్యాలో కూడా ఆయనే చెప్పారు. చేతిలో ఉన్న అట్ట నంబరు పలక మీద రాసుకోవాలి, వెళ్ళి తలుపు చూసుకోవాలి, తిరిగొచ్చి పలక చదువుకుని ఆ పని అందుకోవాలి. కంప్యూటర్ కూడా మీట నొక్కితే చేస్తున్న పని అలాగే ఆపి, ఎక్కడ ఆపిందో దాచుకుని వెళుతుందట.

ఒక్కటే కుదరలేదు. పనికీ పనికీ మధ్య ఖాళీ దొరికితే ఆయన చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయేవారు. ఒకసారి వదిన కునుకు తీసినప్పుడు వెళ్ళిపోతే, మెడలో పలకతో రోడ్డు దాటబోతున్న మనిషిని మందుల షాపతను పట్టుకొచ్చి అప్పజెప్పాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ కోపంలో, ఆ భయంలో ఒక అట్ట రాశాను. 'టైమరు తిప్పి కుర్చీలో కూర్చోండి. గంట మోగేదాకా లేవకండి.' లేవకండి కింద ఎర్రగీత గీశాను. తిండికీ నీళ్ళకీ బాత్రూముకీ మధ్య అలాంటివే పెట్టాను.

"ఇది నయం. ఆదేశమంటే ఇలా ఉండాలి, ఎక్కడా సందు ఉండకూడదు" అన్నారు ఆయన.

వదిన ఎదురుగా ఉండగా రెండు మూడుసార్లు నడిపి చూశాం. గడియారంలా నడిచింది. "సరే, రేపు నేను రాను. సాయంత్రం నువ్వొచ్చే వేళకి వస్తాను, ఇద్దరం కలిసి తలుపు తీద్దాం" అంది వదిన.

ఆ పొద్దున నాకు కాలు నిలవలేదు. వంటగ్యాస్ కట్టేశానా, కత్తులు పైన పెట్టానా, డబ్బా మూత వదులుగా ఉందా. టైమరు సరిగ్గా మోగుతుందో లేదోనని తిప్పాను. మోగింది. నమ్మకం చాలక ఇంకోసారి తిప్పాను, చివరికంటా, ఇంకా కాస్త గట్టిగా. లోపల ఏదో కరుక్కుమంది. ముల్లు మామూలుగానే తిరుగుతోంది కదా అని అక్కడ పెట్టేశాను. బస్సుకి టైమైంది. ఆయన మొదటి అట్ట చేత్తో పట్టుకుని, క్లిప్పు జరిపి, నాకేసి చూసి చెయ్యి ఊపారు.

కత్తి దగ్గర నిలబడ్డానే కానీ నా ప్రాణమంతా ఆ గోడ మీదే ఉంది. ఇప్పుడు పళ్ళు తోముకుని ఉంటారు. ఇప్పుడు తింటూ ఉంటారు. చేతికి ఇనుప జాలీ తొడుగు వేసుకోవడం మర్చిపోయాను. పొరలు సర్దుతుంటే కత్తి నా వేళ్ళ మీదకి వచ్చింది. నెత్తురు చూసి పక్కనున్నావిడ కేక పెట్టింది కానీ నాకు వెంటనే నొప్పి కూడా తెలియలేదు.

ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో కుట్లు వేసి కట్టు కట్టారు. "ఇంటికి వెళ్ళిపోమ్మా, ఇవాళ ఇంక పని లేదు" అన్నాడు సూపర్‌వైజరు. అప్పటికింకా మధ్యాహ్నం కూడా కాలేదు.

నేను వెళ్ళలేదు. ముందే వెళితే ఆ పగలు లెక్కలోకి రాదు. వదిన ఒప్పుకోదు. ఇంకోరోజు చూద్దామంటే మంచం పోతుందంటుంది. పూర్తి పగలు ఆయన గడపాల్సిందేనని పంతంతో ఆ డిస్పెన్సరీ బెంచీ మీదే కూర్చున్నాను, కట్టు ఒళ్ళో పెట్టుకుని, సాయంత్రం దాకా. అడిగినవాళ్ళకి తల తిరుగుతోందని చెప్పాను.

వదిన గేటు దగ్గరే ఉంది. నా చెయ్యి చూసి "ఏమైందే?" అంది. "ఏం లేదు, పదండి" అన్నాను. ఆవిడ ఒక్కో మెట్టుకీ ఆగుతూ ఎక్కుతుంటే నాకు ప్రాణం విసిగిపోయింది. నా దగ్గరున్న తాళంచెవితో తలుపు తీశాను.

ఆయన కుర్చీలో ఉన్నారు. చేతిలో అట్ట ఉంది. నన్ను చూడగానే నవ్వారు.

"వచ్చేశావా? ఇప్పుడే కూర్చున్నానోయ్. గంట ఇంకా మోగలేదు."

పంట్లాం తడిసి ఉంది. కుర్చీ కింద మడుగు కట్టి, అంచులు ఎండిపోయి ఉంది. పాదాలు ఉబ్బిపోయాయి. పెదాలు పిడచకట్టుకుపోయాయి. బల్ల మీద డబ్బా మూత తీయలేదు. ఫ్లాస్కులో నీళ్ళు నిండా ఉన్నాయి. టైమరు ముల్లు సున్నా దగ్గర ఉంది. అది తిరగడం తిరిగింది, మోగలేదు. పొద్దున నేను బిగించి బిగించి లోపల గంట కొట్టే స్ప్రింగు తెంచేశాను.

క్లిప్పు ఏ అట్ట దగ్గరుందో చూశాను. పళ్ళు తోముకున్నారు, చొక్కా మార్చుకున్నారు, కూర్చున్నారు. అంతే. నేను బస్సెక్కిన కాసేపటి నుంచీ ఆయన అక్కడే ఉన్నారు. లేవాలనిపించినప్పుడల్లా చేతిలో అట్ట చూసుకుని ఉంటారు. గంట మోగేదాకా లేవకండి. ఎర్రగీత. గంట మోగలేదు. ఎంతసేపైందో తెలిసే దారి లేదు కాబట్టి ప్రతిసారీ ఆయన ఇప్పుడే కూర్చున్నారు. దాహమైనా ఇప్పుడే. కాళ్ళు నొప్పిపెట్టినా ఇప్పుడే. నేను చెప్పినట్టు విన్నారు, అక్షరం పొల్లు పోకుండా విన్నారు. నేను అక్కడ బెంచీ మీద ఊరికే కూర్చుని ఉన్నాను. మధ్యాహ్నమే వచ్చి ఉంటే.

లేవబోయి తూలారు. తడి చూసుకుని సిగ్గుతో ముడుచుకుపోయారు. "ఎవరో నా మీద నీళ్ళు పోసినట్టున్నారు" అన్నారు మెల్లగా.

వదిన ఆయన్ని పట్టుకుని కూర్చోబెట్టింది. నర్సు చేతులు కదా. కొంచెం కొంచెంగా నీళ్ళు పట్టింది, స్నానం చేయించింది, బట్టలు మార్చింది, కాళ్ళు ఎత్తు మీద పెట్టించింది. నేను టైమరుని గోడకేసి కొట్టాను.

"కరెంటుదొకటి కొంటాను వదినా. రెండు పెడతాను, ఒకటి పోయినా ఇంకోటి మోగుతుంది. ఆ అట్ట మార్చి రాస్తాను. ఒక్క ఛాన్సు."

"రెండు పెడితే ఇంకేదో తెగుతుంది. ఎన్నని రాస్తావే?"

"ఆయన్నే అడుగుదాం. ఆయన కట్టిందే కదా ఇదంతా." కుర్చీ లాక్కుని ఆయన ముందు కూర్చుని మొదటినుంచీ చెప్పాను. జ్ఞాపకం నిలవని ఒక మనిషి. గోడ మీద అట్టలు. గంట మోగలేదు. పగలంతా కూర్చుండిపోయాడు. అతన్ని ఇంట్లో ఉంచాలా, హోమ్‌కి పంపాలా?

ఆయన శ్రద్ధగా విన్నారు, లేచి గోడంతా చదివారు. "ప్రాసెసర్ తప్పు లేదిందులో. క్లాక్ పోయింది. ఈ అట్టలు రాసేదెవరు?"

"అతని భార్య."

"టైమరు తెచ్చి పెట్టేది, డబ్బా సర్దేది?"

"ఆవిడే."

"అయితే అసలు క్లాక్ టైమరు కాదోయ్, ఆవిడ. ఆవిడ ఆగితే మొత్తం ఆగుతుంది. ఆవిడెలా ఉంది?"

నా కట్టు చూశారు. చాలాసేపు చూశారు. "ఆ మనిషి నేనేనా?" అన్నారు.

"మీరే."

"నన్ను అక్కడికి పంపించెయ్. నువ్వు మిగలాలి కదా."

నేను ఒప్పుకోలేదు. ఎలాగూ మర్చిపోతారు కదా అని కాసేపు ఆగాను. ఆయన గోడకేసి తిరిగి "ఎవరోయ్ ఇది రాసింది?" అన్నారు. మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. అవే ప్రశ్నలు, అదే వరస. అదే చోట ఆగి నా చెయ్యి చూశారు. "నన్ను పంపించెయ్. నువ్వు మిగలాలి కదా." ఒక మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఒకే అంకెలు ఇస్తే ఒకే జవాబు వస్తుంది, ఎన్నిసార్లు అడిగినా. అది కూడా ఆయన పాఠంలోదే.

మూడోసారి చెయ్యి కొంగు కింద దాచుకున్నాను.

"ఆవిడెలా ఉంది?"

"దుక్కలా ఉంది. ఉద్యోగం గిద్యోగం లేదు, రోజంతా ఇంట్లోనే ఉంటుంది."

"మరి ఇంకేం? ఇంట్లోనే ఉంచుకోమను. పంపడమెందుకు?" అన్నారు, ఇంత చిన్న విషయం అడిగావేమిటన్నట్టు.

ఆ జవాబు కోసమే ఇన్నాళ్ళూ దేవులాడాను. వదినకేసి చూశాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది.

"ఆ చెయ్యి బయటికి తియ్యి తల్లీ" అంది.

తీశాను. కట్టు మీద నెత్తురు మళ్ళీ ఊరింది. అప్పుడు ఏడ్చాను, వదిన ఒళ్ళో తలపెట్టి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన కంగారుగా వచ్చి నా వీపు నిమురుతూ "ఏమైందక్కా దీనికి? ఎవరేమన్నారు?" అని అడుగుతూనే ఉన్నారు.

వదిన హోమ్‌కి ఫోన్ చేసింది. పొద్దున్నే కారు పంపుతామన్నారు. నేను సూట్‌కేసు మంచం మీద తెరిచి, ఒంటిచేత్తో ఆయన చొక్కాలు సర్దడం మొదలుపెట్టాను.

"ఎక్కడికోయ్ ప్రయాణం?" అన్నారు ఆయన గుమ్మంలో నిలబడి.

నిజమే చెప్పాను. మంచం అంచున కూలబడ్డారు. "నువ్వు లేకుండానా?" అన్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కన కూర్చుని, ఆదివారం ఆదివారం వస్తానని, అక్కడందరూ మంచివాళ్ళని ఏదేదో చెప్పాను. సర్దుకున్నారు. కాసేపటికి లేచి, సూట్‌కేసు చూసి ఆగారు.

"ఎక్కడికోయ్ ప్రయాణం?"

మళ్ళీ చెప్పాను. మళ్ళీ అలాగే కూలబడ్డారు, మళ్ళీ అదే మాటన్నారు, అవే కన్నీళ్ళు. ఈ రాత్రంతా, రేపు కారులో, ఆ గదిలో, ఆయన అడిగినప్పుడల్లా ఈ దెబ్బ ఆయనకి మొదటిసారే తగులుతుంది. కొట్టేది మాత్రం నేనే.

మూడోసారి అడిగారు.

"ఇద్దరం వెళుతున్నాం" అన్నాను.

"అలా చెప్పు మరి!" ఆయన మొహం విప్పారింది. సూట్‌కేసులోకి తొంగిచూసి, "అన్నీ నావేనే? నీవేవీ?" అంటూ వెళ్ళి అలమర తెరిచారు. వెతికి వెతికి నా స్వెటరు తెచ్చారు. "అసలే నీకు చలెక్కువ" అని దాన్ని తన చొక్కాల మీద పరిచి, ముడతలు సర్ది, మూత వేసి, రెండు చేతులతో అదిమి గొళ్ళెం నొక్కారు.

నేను దాన్ని బయటికి తీయలేదు.